పాత వెండిని తూకానికి ముందు చదవండి
నాణేలు, చెంచాలు గుర్తించడం గురించి దాతలకు ఒక పాఠం

మన సొసైటీకి విరాళాలన్నీ నగదు రూపంలోనే రావు. బియ్యం బస్తాలు వస్తాయి, కుట్టు మిషన్లు వస్తాయి, అప్పుడప్పుడు గుడ్డ సంచిలో మూటకట్టిన పాత వెండి వస్తుంది. నలుపెక్కిన నాలుగు రూపాయలు, దాదీ పాన్‌దాన్‌లోని చిన్న చెంచాలు, జత తప్పిన ఒక పట్టీ ఉంటాయి అందులో. ఇచ్చేవారు సాధారణంగా ఒకే మాట అంటారు: "కాటా వేయించి అమ్మేసి పేదల కోసం వాడండి."

ఆ మాట వెనుక మంచి మనసుంది. అయితే కాటా చెప్పేది బరువు ఒక్కటే. అది ఏ కాలం వెండి, ఎవరు ముద్రించారు, అందులో ఎంత రాగి కలిసింది, దానిలాంటివి ఇంకా ఎన్ని మిగిలాయి అన్నది కాటాకు తెలియదు. ఆ సంగతులు వెండి మీదే రాసి ఉంటాయి. మూసలో పోసి కరిగించాక ఆ రాత తిరిగి రాదు. మంచి వస్తువును తుక్కు ధరకు ఇస్తే నష్టపోయేది దాత కాదు, ఆ దానం చేరవలసిన విద్యార్థి, వితంతువు, రోగి. అందుకే ఈ సంచికలో పాత వెండిని ఎలా చదవాలో కొంత వివరంగా చెప్పుకుందాం.

ముందే ఒక మాట. ఇళ్లలో దొరికే పాత నాణేల్లో ఎక్కువ భాగానికి వెండి విలువకు కాస్త అటూ ఇటూ ధరే వస్తుంది. చదవడం నేర్చుకునేది లక్షలు వస్తాయన్న ఆశతో కాదు, ఉన్నదాన్ని ఉన్నట్టు తెలుసుకోవడానికి.

మొదటి నియమం: తోమకండి

పాత వెండి చేతికి రాగానే చింతపండుతోనో, పళ్లపొడితోనో తోమి తళతళలాడించడం మన ఇళ్లలో అలవాటు. వంటింటి గిన్నెకు అది సరే. పాత నాణేనికి మాత్రం అదే పెద్ద దెబ్బ. గాలిలోని గంధకంతో కలిసి వెండి నల్లబడుతుంది. ఆ పలుచని పొర కింది లోహానికి హాని చేయదు. తోమితే పొరతో పాటు అక్షరాల అంచులు కూడా అరిగిపోతాయి. సేకరించేవారు తోమిన నాణేన్ని చూడగానే గుర్తుపట్టి ధర తగ్గిస్తారు. మట్టి ఉంటే మంచినీళ్లలో ముంచి, మెత్తటి గుడ్డతో అద్ది ఆరబెట్టండి. అంతకు మించి ఏమీ చేయవద్దు.

హాలీ సిక్కా

తెలంగాణ ఇళ్లలోనూ, పాత నిజాం రాజ్యంలోని మరాఠ్వాడా, బీదర్, గుల్బర్గా వైపు మన బంధువుల ఇళ్లలోనూ ఎక్కువగా కనిపించేది హాలీ సిక్కా. హాలీ అంటే ప్రస్తుతం చెలామణిలో ఉన్నది అని అర్థం. ఏడు హాలీ రూపాయలు ఆరు ఇంగ్లీషు రూపాయలకు సమానంగా మారేవి. హైదరాబాద్ భారత యూనియన్‌లో కలిశాక కూడా కొన్నేళ్లు చెల్లి, 1959లో ఈ డబ్బు పూర్తిగా రద్దయింది.

దీన్ని గుర్తించడం సులువు. ఒక వైపు చార్మినార్ బొమ్మ ఉంటుంది. చార్మినార్ ద్వారం మధ్యలో ఒక అక్షరం కోసం చూడండి. 'మీమ్' ఉంటే అది ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ నాణెం. 'ఐన్' ఉంటే ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ నాణెం. ఉస్మాన్ అలీ ఖాన్ 1911లో గద్దెనెక్కాడు. ఆయన తొలి నాణేల్లో ఈ 'ఐన్' పొట్టిగా, తర్వాతి వాటిలో నిండుగా ఉంటుంది. సేకరించేవారు ఈ రెండింటినీ వేర్వేరు రకాలుగా లెక్కిస్తారు.

అదే నాణెం మీద 92 అంకె కనిపిస్తుంది. చాలామంది దీన్ని ఏడాది అనుకుంటారు, కాదు. అబ్జద్ లెక్కలో ముహమ్మద్ అన్న పేరులోని అక్షరాల విలువ 92. మొగల్ చక్రవర్తి పేరుతో నాణెం కొట్టడం 1857 తర్వాత ఆగిపోయింది. ఆ పేరుండే చోటికి ఈ అంకె, నిజాముల ఆసఫ్ జాహీ బిరుదు వచ్చాయి. రెండో వైపు 'ఫర్ఖుందా బునియాద్ హైదరాబాద్' అన్న టంకశాల పేరు, పాలనా సంవత్సరం ఉంటాయి.

నాణెం మీది సంవత్సరం హిజ్రీది. ఉర్దూ అంకెలు వచ్చినవారు ఇట్టే చదువుతారు. దాన్ని క్రీస్తు శకంలోకి మార్చడానికి ఒక చిట్కా ఉంది. హిజ్రీ ఏడాదిలో నూటికి మూడు వంతులు తీసేసి 622 కలపండి. 1330లో నూటికి మూడు అంటే సుమారు 40. తీసేస్తే 1290, దానికి 622 కలిపితే 1912. ఒక ఏడాది అటూ ఇటూ తేడా ఉండవచ్చు.

చార్మినార్ రూపాయి బరువు సుమారు 11.18 గ్రాములు. అందులో వెండి నూటికి దాదాపు 82 వంతులు. అర్ధ రూపాయి, పావలా, రెండణాలు కూడా వెండిలో వచ్చాయి. రెండో ప్రపంచ యుద్ధ కాలపు నాణేలను, అంటే హిజ్రీ 1360 తర్వాతి వాటిని, ఈ లెక్కలో కలపకుండా విడిగా పరీక్ష చేయించాలి.

చార్మినార్ బొమ్మ లేకుండా మందంగా, అంచులు వంకరగా, పెర్షియన్ రాత సగం నాణెం బయటికి పోయినట్టుండే రూపాయలు చేత్తో సుత్తితో కొట్టినవి. వాటి మీద చిన్న చిన్న గుంటల్లాంటి గుర్తులుంటే కంగారుపడకండి. అవి ఆనాటి షరాబులు వెండిని పరీక్షించి వేసిన గుర్తులు. అవి ఉన్నంత మాత్రాన నాణెం నకిలీ కాదు. వాటి వల్ల ధర కొంత తగ్గుతుంది, అంతే.

ఇంగ్లీషు రూపాయి

కోస్తా, రాయలసీమ ఇళ్లలో ఎక్కువగా ఉండేవి రాజు, రాణి తలలున్న రూపాయలు. 1835 నుంచి ఈ రూపాయి బరువు 180 గ్రెయిన్లు, అంటే 11.66 గ్రాములు. అందులో పన్నెండింట పదకొండు వంతులు వెండి. పాతకాలపు తులం బరువు కూడా సరిగ్గా ఇంతే. ఊళ్లలో షరాబులు రూపాయినే తూకపు రాయిగా వాడింది ఇందుకే.

వరస ఇలా ఉంటుంది. 1835లో నాలుగో విలియం. 1840, 1862, ఆ తర్వాత విక్టోరియా. 1903 నుంచి ఏడో ఎడ్వర్డ్. 1911 నుంచి ఐదో జార్జ్. 1938 నుంచి ఆరో జార్జ్. 1877 నుంచి విక్టోరియా పేరు ముందు రాణికి బదులు చక్రవర్తిని అన్న బిరుదు వచ్చింది.

ఇక్కడ చాలామంది పొరబడతారు. 1840 నాణెం దొరికితే నూట ఎనభై ఏళ్ల నాటిది, ఎంతో విలువైనది అనుకుంటారు. 1835, 1840, 1862 తేదీలున్న రూపాయలను ఆ ఒక్క ఏడాదే కాదు, తేదీ మార్చకుండా ఏళ్ల తరబడి కొట్టారు. 1862 తేదీతో 1870ల వరకు ముద్రణ సాగింది. కనుక అవి లెక్కలేనన్ని ఉన్నాయి. 1939 రూపాయి సంగతి వేరు. అది వాటికంటే చాలా ఏళ్లు చిన్నది, కాని ఎక్కువ వెండితో వచ్చిన ఆఖరి రూపాయి, బయట మిగిలినవి చాలా తక్కువ. పాతదంతా అరుదు కాదు, అరుదైనదంతా పాతది కాదు. నాణేలు చూసేవారు మొదట నేర్చుకోవలసిన పాఠం ఇదే.

1911 రూపాయికి కూడా ఒక కథ ఉంది. ఐదో జార్జ్ ధరించిన వస్త్రం మీద చిన్న ఏనుగు చిహ్నం ఉంది. తొండం పొట్టిగా కనబడటంతో జనానికి అది పందిలా తోచింది. ముస్లింల నుంచి తీవ్రమైన అభ్యంతరం వచ్చింది. ప్రభుత్వం ఆ నాణేలను వెనక్కి తీసుకుని చాలావరకు కరిగించి, 1912లో ఏనుగు స్పష్టంగా కనిపించేలా అచ్చు మార్చింది. అందుకే 1911 రూపాయి ఇంట్లో ఉంటే పక్కన పెట్టి చూపించండి.

1940 నుంచి ప్రభుత్వం వెండిని నూటికి 50 వంతులకు తగ్గించింది. మిగతాది రాగి, నికెల్, జింకు. 1947లో పులి బొమ్మతో వచ్చిన రూపాయిలో వెండి అసలే లేదు, అది నికెల్ నాణెం. అయస్కాంతానికి అతుక్కుంటుంది. వెండి ఎప్పుడూ అతుక్కోదు.

కింద అంచు దగ్గర చిన్న చుక్కో, వజ్రపు గుర్తో, ఇంగ్లీషు 'బి' అక్షరమో ఉంటే అది బొంబాయి టంకశాలది. కలకత్తా నాణేలకు మామూలుగా ఏ గుర్తూ ఉండదు. ఒకే ఏడాదిలో ఒక టంకశాల నాణెం దండిగా, మరో టంకశాలది అరుదుగా ఉండవచ్చు. కనుక ఏడాదితో పాటు ఈ గుర్తును కూడా రాసుకోండి.

అంతకు ముందటివి

మొగల్ రూపాయలు ఒక్కోసారి కనిపిస్తాయి. బరువు సుమారు పదకొండున్నర గ్రాములు, వెండి దాదాపు శుద్ధమైనది. షాజహాన్ నాణేల మీద కలిమా ఉంటుంది. నాణెం ఎవరి చేతుల్లో, ఎవరి కాళ్ల కింద పడుతుందో తెలియదని ఔరంగజేబు కలిమా ముద్రించడం మాన్పించాడు.

కోస్తా జిల్లాల్లో ఆర్కాటు రూపాయలు దొరుకుతాయి. వాటి మీద రెండో ఆలంగీర్ పేరు, హిజ్రీ 1172, ఆరో పాలనా సంవత్సరం, పక్కన తామర పువ్వు గుర్తు ఉంటాయి. ఇవి కంపెనీ వారు మద్రాసులో కొట్టినవి. అదే తేదీని పందొమ్మిదో శతాబ్దంలో కూడా వాడారు. చక్రవర్తి పోయినా నాణెం మీద ఆయన పేరు పోలేదు.

చెంచాల మీది గుర్తులు

నాణెం మీద రాత ఎదురుగానే ఉంటుంది. చెంచాను మాత్రం తిరగేసి చూడాలి. ఇంగ్లండులో చేసిన వెండి చెంచా కాడ వెనుక వరసగా చిన్న ముద్రలుంటాయి. భూతద్దం తీసుకుని ఈ నాలుగు వెతకండి.

ఒకటి, ముందు కాలెత్తి నడుస్తున్న సింహం. ఇది ఉంటే వెయ్యికి 925 వంతులు వెండి అని అర్థం. రెండు, పరీక్షించిన ఊరి గుర్తు. చిరుతపులి తల లండన్, లంగరు బర్మింగ్‌హామ్, కిరీటం షెఫీల్డ్. మూడు, ఏడాదిని తెలిపే ఒక ఇంగ్లీషు అక్షరం. ఏటా అక్షరం మారుతుంది, ఒక వరస పూర్తయ్యాక అక్షరం శైలి మారుతుంది. దీనికి అచ్చు పట్టికలున్నాయి. నాలుగు, చేసినవారి పేరు పొడి అక్షరాలు. వీటితో పాటు రాజుదో రాణిదో పక్కవాటు తల ముద్ర ఉంటే పన్ను కట్టిన గుర్తు. ఆ చెంచా 1784కూ 1890కీ మధ్యది.

మన దేశంలో చేసిన దొరల కాలపు వెండికి ఈ పద్ధతి లేదు. కలకత్తాలో హామిల్టన్, మద్రాసులో పి. ఆర్ అండ్ సన్స్ వంటి దుకాణాలు తమ పేరునో, పొడి అక్షరాలనో కొట్టేవి. ఇంగ్లండులోలాగా తప్పనిసరి ప్రభుత్వ పరీక్ష ఇక్కడ లేదు. కనుక సింహం లేదని చెంచాను పారేయకండి. ఇలాంటి దుకాణం పేరున్న చెంచాకు వెండి ధర కంటే ఎక్కువ ఇచ్చేవారున్నారు.

దీనికి వ్యతిరేకమైనది కూడా ఉంది. వెనుక ఇ.పి.ఎన్.ఎస్. అన్న నాలుగు ఇంగ్లీషు అక్షరాలుంటే అది వెండి చెంచా కాదు, వెండి పూత. లోపలి లోహం మనం జర్మన్ సిల్వర్ అనే రాగి, నికెల్, జింకు మిశ్రమం. పేరులో సిల్వర్ ఉన్నా అందులో వెండి లేదు. విద్యుత్తుతో పూత వేసే పద్ధతికి 1840లో ఎల్కింగ్‌టన్ వారు పేటెంట్ తీసుకున్నాక ఇలాంటి చెంచాలు, ట్రేలు, టీ సామాను విస్తారంగా వచ్చాయి. చెంచా అడుగున, నోటికి తగిలే అంచున పూత అరిగి పసుపు ఛాయ కనిపిస్తే అనుమానించండి.

మన ఇళ్ల వెండి

పాన్‌దాన్‌లో సున్నానికి, కాచుకు వాడే బుల్లి చెంచాలు, గులాబ్‌పాష్, అత్తర్‌దాన్, సుర్మాదానీ, తెలుగు ఇళ్లన్నిటా కనిపించే ఉగ్గుగిన్నె, ఇవన్నీ స్థానిక పనివారు చేసినవి. ముద్రలుండవు, ఉన్నా పనివాడి చిన్న గుర్తే. వీటిని పనితనంతో చదవాలి. సన్నని వెండి తీగను చుట్టి అల్లినట్టుంటే కరీంనగర్ ఫిలిగ్రీ కావచ్చు. నల్లటి ఒంటి మీద వెండి పువ్వులు పొదిగి ఉంటే బీదర్ బిద్రీ. బిద్రీలో అసలు లోహం జింకు, రాగి. వెండి పైన పొదిగినంత మేరకే. దాన్ని వెండి తూకానికి ఇస్తే దాదాపు ఏమీ రాదు, కరిగిస్తే అసలేమీ మిగలదు. నల్లగా ఉందని తోమితే పనివాడు ఇచ్చిన నలుపే పోతుంది. పాత బిద్రీని కళావస్తువుగానే చూడాలి.

నకిలీని పట్టడం

ఇంట్లోనే చేయగల పరీక్షలు మూడున్నాయి. మొదటిది అయస్కాంతం. రెండోది బరువు. గ్రాములో నూరో వంతు చూపే చిన్న కాటా మీద ఇంగ్లీషు రూపాయి 11.66కు దగ్గరగా ఉండాలి. అరిగినందుకు కొంత తగ్గవచ్చు, పెరగకూడదు. మూడోది నీటి పరీక్ష. కాటా మీద గ్లాసు నీళ్లు పెట్టి అంకెను సున్నా చేయండి. వస్తువును దారంతో కట్టి, గ్లాసు అడుగుకూ పక్కలకూ తగలకుండా నీళ్లలో పూర్తిగా ముంచి పట్టుకోండి. కాటా చూపే అంకెతో వస్తువు అసలు బరువును భాగించండి. 925 వెండికి సుమారు 10.3 లేదా 10.4 వస్తుంది. జర్మన్ సిల్వర్‌కు 8.7 దరిదాపుల్లో వస్తుంది. 50 గ్రాముల చెంచాను ముంచితే వెండిదైతే 4.8 గ్రాములు, జర్మన్ సిల్వర్‌దైతే 5.7 గ్రాములు చూపుతుంది. గీయకుండా, ఆసిడ్ వేయకుండా తేలిపోయే పరీక్ష ఇది.

ఇంకా అనుమానముంటే హాల్‌మార్కింగ్ కేంద్రంలో ఎక్స్‌ఆర్‌ఎఫ్ యంత్రం కింద పెట్టించండి. అది పై పొరను మాత్రమే చదువుతుంది. అందుకే మందంగా పూత వేసిన వస్తువుకు నీటి పరీక్ష కూడా చేయాలి. అరుదైన ఏడాదుల నాణేల్లోనే నకిలీలు ఎక్కువ. అంకె చుట్టూ గీతలు, గుల్లలు, సబ్బులా జారే అంచులు ఉంటే కొనకండి.

మోసాల గురించి రెండు మాటలు. మన రెండు రాష్ట్రాల్లో బియ్యపు గింజలను లాగే నాణెం, లాగే చెంబు అంటూ రైస్ పుల్లింగ్ పేరుతో లక్షలు గుంజిన కేసులు ఎన్నో నమోదయ్యాయి. అలాంటి నాణెం లేదు. అలాగే పాత నాణేన్ని భారీ ధరకు కొంటామంటూ ముందు ఫీజు కట్టమనేవారిని నమ్మకండి. అలాంటి అమ్మకాలు కొనుగోళ్లతో తనకు సంబంధం లేదని, ఏ రుసుమూ వసూలు చేయనని రిజర్వు బ్యాంకు 2021లోనే ప్రకటించింది.

దాచడం, చట్టం

ఒక్కో నాణేన్ని విడిగా ఉంచండి. రబ్బరు బ్యాండు, న్యూస్‌పేపరు, మెత్తటి పీవీసీ ప్లాస్టిక్ కవర్లు వెండికి శత్రువులు. నూలు గుడ్డ సంచి లేదా నాణేల కోసం అమ్మే గట్టి కవరు వాడండి. నాణేన్ని అంచు మీద పట్టుకోండి. దండలో గుచ్చడానికి కొక్కెం అతికించి ఉంటే మీరే ఊడదీయకండి.

నూరేళ్లు దాటిన నాణేలు, కళావస్తువులు 1972 పురావస్తు చట్టం పరిధిలోకి వస్తాయి. వాటిని మామూలు వ్యక్తులు దేశం బయటికి తీసుకుపోకూడదు. గల్ఫ్‌లోనో, అమెరికాలోనో ఉన్న పిల్లలకు దాదీ నాణేలు పెట్టెలో పెట్టి పంపేవారు ఇది గమనించాలి. పొలంలోనో, పాత ఇంటి పునాదిలోనో నాణేల కుండ దొరికితే 1878 నిధుల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలపాలి. అలా దొరికినదాన్ని విరాళంగా ఇచ్చే హక్కు కూడా మనకు లేదు.

జకాత్ లెక్కలో తులం

వెండి నిసాబ్ యాభై రెండున్నర తులాలు అని మన పెద్దలు చెబుతారు. ఆ తులం పాతది, 11.66 గ్రాములది. మొత్తం 612.36 గ్రాములు. ఇప్పటి బజారులో తులం అంటే పది గ్రాములు. ఆ లెక్కన చూస్తే 525 గ్రాములే అవుతుంది. రెండింటినీ కలపకండి. ఇక రాగి కలిసిన నాణేలను ఎలా లెక్కించాలన్నది ఉలమాలను అడగవలసిన విషయం. అడిగేటప్పుడు మొత్తం బరువుతో పాటు వెండి బరువు కూడా చెప్పగలగాలి. ఉదాహరణకు నూరు చార్మినార్ రూపాయలు 1,118 గ్రాములు తూగితే అందులో వెండి సుమారు 914 గ్రాములు. నూరు ఇంగ్లీషు రూపాయలు 1,166 గ్రాములైతే వెండి సుమారు 1,069 గ్రాములు.

దాతలకు మా విన్నపం

పాత వెండి ఇవ్వదలచినవారు ఒక కాగితం మీద ఈ వివరాలు రాసి జతచేయండి: వస్తువు పేరు, దాని మీది సంవత్సరం, గుర్తులు, బరువు, అది ఎవరి నుంచి ఎవరికి వచ్చింది. రెండు వైపులా ఫోటో తీయండి. రసీదులో 'వెండి, ఇన్ని గ్రాములు' అని కాకుండా వస్తువు వారీగా రాయమని అడగండి. అది మీ హక్కు, మా బాధ్యత. దానం మా చేతికి వచ్చాక అమానత్ అవుతుంది. అమానత్‌ను సరైన విలువకు మార్చి అర్హులకు చేర్చాలంటే అది ఏమిటో ముందు తెలియాలి.

కళ్లకు అలవాటు కావాలంటే హైదరాబాద్ సైఫాబాద్‌లోని పాత టంకశాల మ్యూజియం, పురానీ హవేలీలోని నిజాం మ్యూజియం, పబ్లిక్ గార్డెన్స్‌లోని పురావస్తు మ్యూజియం పిల్లలతో కలిసి చూసి రండి. నిజాం మ్యూజియంలో 1937 రజతోత్సవానికి వచ్చిన వెండి కానుకలు ఉన్నాయి.

కరిగించడానికి ఎప్పుడైనా సమయముంది. ఇంట్లోని ఆ చిన్న మూటను ఈ సెలవుల్లో ఒకసారి విప్పండి. ఉర్దూ చదవడం వచ్చిన పెద్దలు ఉండగానే వారిచేత ఆ నాణేల మీది మాటలు చదివించి రాసుకోండి. ఆ తర్వాత ఉంచుకున్నా, ఇచ్చినా తెలిసి చేసినట్టవుతుంది.